రెక్కలు తీసేస్తే మిగిలేది ఎవరు?

ప్రశ్న: నమస్కారం అండీ. నేను నాలుగేళ్ళుగా ఐర్లండ్‌లో ఉంటున్నాను. ఇల్లు లిమరిక్‌లో, ఉద్యోగం ఎన్నిస్‌లో. ఇక్కడి ఫెయిరీల మీద తెలుగులో ఒక ఫాంటసీ నవల మొదలుపెట్టాను. హీరో కార్తీక్ మన అబ్బాయే. చదువుకోడానికి వచ్చి ఊరి చివర ఒక పాత ఇంట్లో అద్దెకు దిగుతాడు. ఆ ఇంటి వెనక దిబ్బలో ఉండే ఫెయిరీ రాకుమారి లియానా అతన్ని ప్రేమిస్తుంది. ఇప్పటికి పదకొండు చాప్టర్లు అయ్యాయి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో చదివించాను. ఒకరేమో "రెక్కలు తీసేస్తే లియానా మన కాలేజీ అమ్మాయే" అన్నారు. ఇంకొకరు "టీవీ సీరియల్లో కోడలిలా మాట్లాడుతోంది" అన్నారు. మ్యాజిక్ పవర్స్ పెంచి చూశాను, వయసు 500 ఏళ్ళు చేశాను. లాభం లేకపోయింది. అసలు ఫెయిరీని తెలుగులో ఏమనాలో కూడా తేలడం లేదు. ఒకచోట దేవకన్య అని రాశాను, ఇంకోచోట యక్షిణి అన్నాను. చదివేవాళ్ళు నమ్మేలా వీళ్ళని ఎలా రాయాలి? పదకొండు చాప్టర్లూ జత చేస్తున్నాను, ముఖ్యంగా మూడో చాప్టర్లో లియానా వచ్చే పేజీ చూడండి.

జవాబు: మీ ఫ్రెండ్స్ ఇద్దరూ మంచి పాఠకులు. వాళ్ళని వదులుకోకండి.

లియానా మొదటిసారి కనబడే చోటు మీరు ఇలా రాశారు:

"నీలి కళ్ళ లియానా వెండి రెక్కలు అల్లార్చుతూ కిటికీ మీద వాలింది. 'నేను ఫెయిరీల రాకుమారిని. 500 ఏళ్ళుగా నీలాంటివాడి కోసమే ఎదురుచూస్తున్నాను' అంది సిగ్గుపడుతూ. కార్తీక్ గుండె ఆగినంత పనైంది."

500 ఏళ్ళు బతికిన మనిషి (మనిషి కూడా కాదు కదా) కిటికీ మీద వాలిన అర నిమిషంలో కులగోత్రాలు, వయసు, మనసులో మాట అన్నీ చెప్పేసింది. పెళ్ళిచూపుల్లో కూడా కాఫీ చల్లారేదాకా ఆగుతారు. పవర్స్ ఎన్ని పెంచినా ఇది మారదు. లియానాకి కావలసినవన్నీ మనకి కావలసినవే. ప్రేమ కావాలి, పెళ్ళి కావాలి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే ఏడుపొస్తుంది. ఆమె లెక్కలన్నీ మన లెక్కలే. ఫెయిరీ జనాన్ని పాఠకుడు నమ్మాలంటే వాళ్ళకి వాళ్ళదైన ఒక లెక్క ఉండాలి. అది మనకి సగమే అర్థం కావాలి, కానీ ఒక్కసారి కూడా తప్పకూడదు.

ముందు రెక్కల సంగతి తేల్చేద్దాం. ఐర్లండ్ పల్లెల్లో ముసలివాళ్ళు చెప్పుకున్న కథల్లో ఫెయిరీలకి రెక్కలు ఉండవు. రెక్కలు నాటకాల స్టేజీ మీంచీ, పిల్లల పుస్తకాల బొమ్మల్లోంచీ వచ్చినవి. ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్ళో 1917లో ఎల్సీ రైట్, ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ అనే ఇద్దరు పిల్లలు పుస్తకంలో బొమ్మలు చూసి గీసుకుని, అట్ట ముక్కలు కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో గుచ్చి ఫోటోలు తీసుకున్నారు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు అవి నిజం ఫెయిరీలేనని 1920లో పత్రికలో రాశాడు. ఆ ఫెయిరీల జుట్టు అప్పటి ప్యారిస్ ఫ్యాషన్లో ఉందని కొందరు వెక్కిరించినా వినలేదు. పిల్లలిద్దరూ ముసలివాళ్ళయ్యాక 1983లో గానీ అట్టముక్కల సంగతి ఒప్పుకోలేదు. మీ లియానా ఆ అట్టముక్కల చుట్టం. ఊళ్ళో కథల్లోని వాళ్ళు అలా ఉండరు. అచ్చం మనుషుల్లాగే ఉంటారు, సంతలో మీ పక్కనే నిలబడి గొర్రెల్ని బేరమాడతారు. భయం అక్కడుంది. రెక్కలుంటే గుర్తుపట్టి పారిపోవచ్చు కదా.

ఇప్పుడు మీరు రోజూ వెళ్ళే దారికి రండి. లిమరిక్ నుంచి ఎన్నిస్ వెళ్తుంటే న్యూమార్కెట్-ఆన్-ఫెర్గస్ దాటాక లటూన్ అనే చోట రోడ్డు పక్కన కంచె మధ్య ఒక ముళ్ళచెట్టు ఉంటుంది. హాథార్న్ చెట్టు. పెద్దదేమీ కాదు. మీరు వందసార్లు దాటే ఉంటారు. 1999లో అక్కడ పెద్ద రోడ్డు వేయబోతుంటే ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు అడ్డం పడ్డాడు. మన్‌స్టర్ ఫెయిరీలు కనాక్ట్ ఫెయిరీల మీద (రెండూ ఐర్లండ్‌లోని ప్రాంతాలే) యుద్ధానికి పోతూ కలుసుకునే చోటు అది, ఆ చెట్టు కొడితే ఆ రోడ్డు మీద ప్రాణాలు పోతాయి అని పేపర్లకి ఉత్తరాలు రాశాడు. చివరికి ఇంజనీర్లు డిజైన్ సర్దుకుని చెట్టుని ఉంచేశారు. 2002లో ఎవరో వచ్చి దాని కొమ్మలన్నీ కోసేశారు. మళ్ళీ చిగిర్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కరికి కూడా ఫెయిరీ కనబడలేదు, గమనించారా? కనబడింది రోడ్డు ఇంజనీర్లు. వాళ్ళలో ఎంతమంది ఫెయిరీలని నమ్మేవాళ్ళో ఎవరు చెప్పగలరు? కానీ చెట్టు మిగిలింది. పాఠకుడు ఫెయిరీని చూసి నమ్మడు. ఫెయిరీ పక్కన బతికే మనిషి ఎంత జాగ్రత్తగా నడుస్తున్నాడో చూసి నమ్ముతాడు.

ఆ జాగ్రత్తలు ఎలా ఉండేవో చెబుతాను. రాత్రిపూట మురికి నీళ్ళు గుమ్మం బయట పారబోసే ముందు "నీళ్ళొస్తున్నాయి, తప్పుకోండి" అని కేకేసేవాళ్ళు. అటుగా వెళ్తున్న వాళ్ళ మీద పడకూడదు కదా. సారా కాస్తే మొదటి చుక్క నేల మీద వాళ్ళకి. ఉయ్యాల మీద అడ్డంగా ఇనుప పట్టకారు పెట్టేవాళ్ళు, ఇనుమంటే వాళ్ళకి పడదని. (బాలింత దగ్గర ఇనుప ముక్క పెట్టే అలవాటు మనకీ ఉంది, మీ అమ్మగారిని అడిగి చూడండి.) పొలం మధ్యలో గుండ్రటి మట్టికట్ట ఉంటే దాన్ని దున్నకుండా చుట్టూ తిప్పి దున్నేవాళ్ళు. పురావస్తు శాఖవాళ్ళని అడిగితే అవి వెయ్యేళ్ళ కిందటి రైతుల ఇళ్ళ ప్రహరీలు అంటారు. దేశం మొత్తం మీద నలభై వేలకు పైనే ఉన్నాయి. ఇన్ని మిగలడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ట్రాక్టరు ఉన్న రైతు కూడా "ఎందుకొచ్చిన గొడవ" అనుకుని వదిలేశాడు. నమ్మకం అనే పెద్ద మాటకన్నా ఈ "ఎందుకొచ్చిన గొడవ" మీ నవలకి ఎక్కువ పనికొస్తుంది.

ఇక పేరు. మీ సమస్యకి జవాబు మీరు వదిలేసిన చోటే ఉంది. అక్కడివాళ్ళు కూడా వాళ్ళని ఫెయిరీలు అని పిలవరు. పిలిస్తే వింటారని భయం. "మంచివాళ్ళు" అంటారు, "పెద్దమనుషులు" అంటారు, "అవతలి జనం" అంటారు. మంచివాళ్ళు కాబట్టి కాదు, కోపం రాకుండా. ఇది మన పాఠకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. మా నానమ్మ డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరిపోతే "కొండెక్కింది". రాత్రిపూట పాముని పాము అనకూడదు, "పురుగు" అనాలి. మశూచి వస్తే జబ్బు పేరెత్తకుండా "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. చెడ్డదాన్ని మంచి పేరుతో పిలిచి పక్కకి జరిపే విద్యలో మనం ఎవరికీ తీసిపోము. అందుకని దేవకన్య వద్దు. ఆ మాట వినగానే రంభ, మేనక, ఇంద్రసభ, వెనకాల పొగ వస్తాయి. యక్షిణి అంటే నిమ్మకాయలు, మంత్రగాడు వస్తారు. (నేనూ ఒకప్పుడు ఒక పత్రికకి యక్షిణి కథ పంపితే "క్షుద్ర సాహిత్యం వేసుకోము" అని తిప్పి పంపారు. దాంట్లో యక్షిణి చేసిన ఘోరమల్లా ఒక గుమాస్తాకి లెక్కలు నేర్పడం.) ఇంటి ఓనర్ ముసలావిడ చేత "వాళ్ళు" అనిపించండి, అంతే. కార్తీక్ "ఎవరండీ వాళ్ళు?" అని అడిగితే ఆవిడ టీ కెటిల్ స్టవ్ మీద పెట్టాలి. జవాబు చెప్పకూడదు. నవల మొత్తం మీద ఫెయిరీ అనే మాట కార్తీక్ నోట ఒకటి రెండు సార్లు వస్తే చాలు, అదీ తెలియనితనంతో.

ఇంగ్లీషులో రాసేవాళ్ళకి లేని సదుపాయాలు మీకు మూడున్నాయి. మీ పేజీలో ఒక్కటీ వాడుకోలేదు.

"వచ్చింది" అనే క్రియ చూడండి. ఆమె వచ్చింది, అది వచ్చింది. రెండింటికీ క్రియ ఒకటే. కర్త తీసేసి "గడప దాకా వచ్చింది, ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది" అని రాస్తే వచ్చినది ఆడమనిషా, జంతువా, గాలా అన్నది పేజీ చివరిదాకా తేలదు. పాఠకుడు తేల్చుకోలేకపోవడమే మీకు కావలసింది. ఇంగ్లీషువాడు మొదటి వాక్యంలోనే తేల్చి తీరాలి. మీరు మాత్రం "నీలి కళ్ళ లియానా" అని ముందే గుట్టు విప్పేశారు. మగ పాత్రకి ఈ వీలు లేదు. "వచ్చాడు" అనగానే మనిషైపోతాడు. కాబట్టి మీ ఏడో చాప్టర్లో వచ్చే ఫెయిరీ రాజుని దూరం నుంచే, ఎక్కువమందిలో కలిపి, "వచ్చారు" అని బహువచనంలో చూపించండి. ఒకడా, పదిమందా, గౌరవమా అన్నది కూడా తేలదు.

రెండోది "అట". "దిబ్బ దగ్గర ఆవు దొరికిందట. పాలు మాత్రం ఇవ్వలేదట." చెప్పేవాడు పూచీ తీసుకోడు, అబద్ధమనీ అనడు. ముసలావిడ మాటల్లో అట పడుతూ పడుతూ ఒకచోట హఠాత్తుగా ఆగిపోవాలి. "మా చెల్లెలు ఆ రోజు దిబ్బ మీద నిద్రపోయిందట" అని కాకుండా "మా చెల్లెలు ఆ రోజు దిబ్బ మీద నిద్రపోయింది" అనాలి. పాఠకుడి వెన్ను జలదరించడానికి ఆ ఒక్క అక్షరం పోతే చాలు.

మూడోది నువ్వు, మీరు. ఇరవయ్యేళ్ళ పిల్లలా కనబడేది ఎనభయ్యేళ్ళ రైతుని "నువ్వు" అంటే, రైతు తిరిగి "మీరు" అంటే, వయసు సంగతి మీరు వేరే చెప్పక్కర్లేదు. 500 అంకె కొట్టేయండి.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. ఈ విషయంలో నాకు బాగా నచ్చినది ఐర్లండ్ కథ కాదు, పక్కనే ఉన్న వేల్స్ కథ. కార్మార్థెన్‌షైర్ కొండల్లో ఒక చెరువు. అందులోంచి వచ్చిన అమ్మాయిని ఒక రైతు కుర్రాడు పెళ్ళి చేసుకుంటాడు. షరతు ఒకటే. కారణం లేకుండా మూడు దెబ్బలు కొడితే వెళ్ళిపోతుంది. వీడు మంచివాడు, కొట్టే రకం కాదు. బారసాలలాంటి వేడుకకి బయలుదేరమంటే ఆమె తాత్సారం చేస్తుంది. "పద, పద" అని చేతి తొడుగులతో భుజం మీద తడతాడు. ఒకటి. తర్వాత ఒక పెళ్ళిలో అందరూ నవ్వుతుంటే ఆమె ఏడుస్తుంది. ఏమైంది నీకని తడతాడు. వీళ్ళ కష్టాలు ఇవాళే మొదలయ్యాయి కదా, అందుకని ఏడుస్తున్నా అంటుంది. రెండు. ఇంకోసారి చావింట్లో పకపకా నవ్వుతుంది. ఊరుకో, ఊరుకో అని చెయ్యి వేస్తాడు. పోయినవాళ్ళ కష్టాలు తీరిపోయాయి, నవ్వక ఏం చెయ్యాలి అంటుంది. మూడు.

అప్పుడు ఇంటికి వెళ్ళి తనతో వచ్చిన పశువుల్ని పేరుపేరునా పిలుస్తుంది. ఆవులు వెళ్తాయి. పొలంలో దున్నుతున్న ఎడ్లు నాగలితో సహా వెళ్తాయి. కోసి కొక్కేనికి వేలాడదీసిన నల్ల దూడ కూడా కిందికి దిగి, ప్రాణం తెచ్చుకుని, వాటి వెనక నడిచి చెరువులోకి వెళ్ళిపోతుంది.

ఈ కథలో ఆమె రూపం గురించి ఎంత తక్కువ ఉందో చూడండి. ఆమె ఎవరో పెళ్ళిలో ఏడ్చినప్పుడు తెలిసింది. పైగా ఆలోచిస్తే ఆమె చెప్పింది తప్పు కాదు. మన లెక్కలో తడితే అది దెబ్బ కాదు, ఆమె లెక్కలో దెబ్బే. ఆమెకి కోపం కూడా రాలేదు. లెక్క పూర్తయింది, వెళ్ళింది. కొక్కెం మీంచి దిగిన దూడ చాలు, ఇంకే మ్యాజిక్కూ అక్కర్లేదు.

మన పాఠకుడికి ఈ దారి కొత్తేమీ కాదు. గంగ శంతనుడికి పెట్టిన షరతు ఇలాంటిదే. ఏం చేసినా ఎందుకని అడగకూడదు. ఏడుగురు బిడ్డల్ని నీళ్ళలో వదిలేదాకా నోరు మూసుకున్నాడు, ఎనిమిదోసారి అడిగాడు. ఆమె లెక్క ఆమెకుంది, అది మనకి తర్వాత తెలుస్తుంది. ఇక దేవకన్య చీర దాచేసే కథ అంటారా, 1961లో జగదేకవీరుని కథ వచ్చినప్పటి నుంచి మనకి కంఠతా. ఐర్లండ్, స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున అదే కథ సీల్ అనే సముద్రజంతువు చర్మంతో ఉంది. చర్మం దాచి పెళ్ళి చేసుకుంటాడు, ఏళ్ళ తర్వాత దొరుకుతుంది, పిల్లల్ని వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి మీ పదో చాప్టర్లో లియానా లాకెట్టుని కార్తీక్ దాచగానే మీ పాఠకుడికి క్లైమాక్స్ తెలిసిపోయింది. లాకెట్టు తీసేయండి, లేదా దాచింది కార్తీక్ కాకుండా చేయండి.

వాళ్ళకి మనుషులతో పనేమిటి? ప్రేమ అని మాత్రం చెప్పకండి. ఊళ్ళో కథల్లో వాళ్ళకి మనతో చాలా మామూలు పనులుంటాయి. వాళ్ళ హర్లింగ్ (కర్రలతో ఆడే ఐర్లండ్ బంతాట) మ్యాచ్‌లో బతికున్న మనిషి ఒకడు ఉండాలి, లేకపోతే ఆట జరగదు. వాళ్ళ ఆడవాళ్ళ కాన్పుకి మనిషి మంత్రసాని కావాలి. ఆ మంత్రసాని కథ చాలా చోట్ల ఉంది. అర్ధరాత్రి గుర్రం మీద తీసుకెళ్తారు. పురుడు పోశాక బిడ్డ కళ్ళకి రాయమని లేపనం ఇస్తారు. పొరపాటున ఆవిడ తన కన్ను కూడా నలుపుకుంటుంది. కొన్నాళ్ళకి సంతలో ఆ ఇంటాయన కనబడతాడు, మిగతా ఎవరి కంటా పడకుండా బళ్ళ మీంచి వెన్న కాజేస్తూ. "బాగున్నారా? బాబు ఎలా ఉన్నాడు?" అని పలకరిస్తుంది. ఆయన మర్యాదగానే బదులిచ్చి, "నన్ను ఏ కంటితో చూస్తున్నావు?" అని అడుగుతాడు. ఈ కంటితోనండీ అంటుంది. ఆ కన్ను పోతుంది. అతని లెక్కలో అది శిక్ష కాదు. తనది కానిది ఆవిడ దగ్గర ఉండిపోయింది, తీసుకున్నాడు.

వాళ్ళకి లోటు కూడా ఉండాలి. ఒక ఫాదరీ రాత్రి దారిలో వెళ్తుంటే వాళ్ళు చుట్టూ మూగి, తీర్పు రోజున మాకు మోక్షం ఉందా అని అడుగుతారు. మీ ఒంట్లో కలం ముంచి రాయడానికి సరిపడా రక్తం ఉంటే ఉంది అంటాడు. పెద్ద ఏడుపు వినిపిస్తుంది. స్వర్గానికి చాలనంత మంచివాళ్ళూ, నరకానికి చాలనంత చెడ్డవాళ్ళూ కాక మధ్యలో పడిపోయిన దేవదూతలని వాళ్ళ గురించి చెప్పుకునేవాళ్ళు. మీ లియానా ఏడవాలనుకుంటే ఇలాంటి దానికి ఏడవనివ్వండి.

రోజువారీ బతుకు కూడా కావాలి, కానీ చిటికెడే. స్కాట్లండ్‌లో అబర్‌ఫోయిల్ అనే ఊరి ఫాదరీ రాబర్ట్ కర్క్ 1691, 92 ప్రాంతంలో వీళ్ళ గురించి ఒక పుస్తకమే రాశాడు. మూడు నెలలకోసారి ఇల్లు మారతారట. అద్దె ఇళ్ళ కష్టాలు తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు, కళ్ళకి కట్టడానికి. కర్క్ 1692లో చనిపోయాడు. చావలేదు, వాళ్ళే తీసుకుపోయారని ఊళ్ళో చెప్పుకున్నారు.

"ఫెయిరీలు అబద్ధమాడలేరు" అనే రూలు మీరు ఎనిమిదో చాప్టర్లో గట్టిగా పట్టుకున్నారు. ఈ మధ్య ఫాంటసీల్లో అది బాగా నడుస్తోంది. పాత కథల్లో అంత ఖచ్చితం కాదు, వాళ్ళిచ్చిన బంగారం తెల్లారేసరికి ఎండుటాకులవుతుంది. వాడుకుంటే వాడుకోండి. కానీ మొత్తం మీద రూల్స్ రెండు, మహా అయితే మూడు. మీకున్నవి తొమ్మిది, నేను లెక్కపెట్టాను. అన్ని రూల్స్ ఉంటే క్రికెట్ అవుతుంది.

పదకొండో చాప్టర్లో మారుబిడ్డ సంగతి ఎత్తారు. మనిషిని తీసుకుపోయి, ఆ స్థానంలో తమవాళ్ళని వదులుతారని. అక్కడ మాత్రం కాస్త నెమ్మది. మీ ఊరికి ఎంతో దూరం లేని టిప్పరరీలో 1895లో బ్రిజిట్ క్లియరీ అనే 26 ఏళ్ళ అమ్మాయికి జబ్బు చేసింది. బట్టలు కుట్టి, కోళ్ళు పెంచి సంపాదించుకునే మనిషి. ఈమె నా భార్య కాదు, వాళ్ళు మార్చేశారు అని భర్త మైకేల్ పట్టుపట్టాడు. చుట్టాల ఎదుటే ఆమెను కాల్చి చంపాడు. అసలు భార్య తెల్ల గుర్రం మీద వస్తుందని దగ్గర్లోని దిబ్బ దగ్గర కాపు కాశాడు. ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది. ఎదుగుదల సరిగ్గా లేని పసిపిల్లల్ని కూడా ఈ పేరుతో బాధపెట్టారు. మీరు ఆ చాప్టర్లో పక్కింటి పిల్లాడు మాట్లాడడం మానేస్తే అది ఫెయిరీ పనేనని కథే ఒప్పేసుకుంది. అలా వద్దు. పిల్లాడి గురించి ఊరు ఏమనుకుంటోందో రాయండి, తల్లి ఏం చేస్తోందో రాయండి. ఫెయిరీల చేత మాత్రం ఒప్పించకండి. ఈ ఒక్క చోట సందేహం పాఠకుడి దగ్గరే ఉండాలి. నా నవలైతే ఆ పిల్లాణ్ణి తీసేసేవాణ్ణి, కానీ నవల మీది.

చెప్పడం తేలికే, రాసి చూపించమంటారు. మీ పేజీని నేనైతే ఇలా మొదలుపెడతాను:

"సందె వేళ. కార్తీక్ పప్పులో పోపు పెడుతుంటే పెరటి తలుపు దగ్గర అలికిడైంది. పక్కింటావిడ అనుకున్నాడు. ఆకుపచ్చ కోటు. బయట వాన పడుతోంది, కోటు మాత్రం తడవలేదు.

'లోపలికి రండి.'

రాలేదు. గోడకి ఆనించిన ఇనుప పెనం వైపు చూసింది.

'దిబ్బ మీద కొమ్మ విరిచింది నువ్వేనా?'

'సారీ అండీ, బట్టలారేసుకునే తాడుకి అడ్డమొస్తోందని...'

'మీ అమ్మకి నువ్వొక్కడివేనా?'

కొమ్మకీ దీనికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. 'తమ్ముడున్నాడండీ' అన్నాడు.

'అయితే పర్వాలేదు' అంది. వెళ్ళిపోయింది.

పోపు మాడిన వాసనొచ్చింది."

ఇందులో రెక్కల్లేవు, పేరు లేదు, వయసు లేదు. కోపం కూడా లేదు. ఆవిడ ఒక విధంగా చాలా మర్యాదస్తురాలు. ఒక్కగానొక్క కొడుకైతే ఇంకేదో తీసుకునేది. మన పాఠకుడికి "తమ్ముడున్నాడండీ" దగ్గర ఏమీ అనిపించదు. "అయితే పర్వాలేదు" దగ్గర కడుపులో ఏదో తిరుగుతుంది. ఆ తర్వాత ఆవిడ కార్తీక్‌ని ప్రేమించినా నాకు అభ్యంతరం లేదు. తీసుకుపోవలసినవాణ్ణి ప్రేమిస్తే ఆ లెక్క ఎవరు కట్టాలి అన్నది మీ నవల.

పెనం సంగతి కూడా ఆలోచించుకోండి. ఇనుము పడదు అన్నాక కార్తీక్ ఇంట్లో రేడియేటర్లున్నాయి, మంచం ఉంది, బయట కారుంది. పాత ఇళ్ళలో ఇన్ని లేవు. ఇంటి లోపలికి ఎందుకు రాదో మీకిక వేరే మంత్రం అక్కర్లేదు. కార్తీక్ బయటికి వెళ్ళినప్పుడే కథ జరుగుతుంది.

చదవడానికి ఫాంటసీ నవలలు ఇంకొన్ని తిరగేయకండి. 1937 నుంచి 39 దాకా ఐర్లండ్‌లో 26 కౌంటీల్లోని దాదాపు 5,000 బళ్ళ పిల్లల చేత వాళ్ళ తాతలు, నానమ్మలు చెప్పిన కథలు రాయించారు. ఆ నోటుపుస్తకాలన్నీ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జానపద భాండాగారంలో ఉన్నాయి. దూఖస్ అనే వెబ్‌సైట్‌లో పిల్లల చేతిరాతతోనే చదవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. క్లేర్ కౌంటీ తెరిచి మీ ఎన్నిస్ చుట్టుపక్కల ఊళ్ళు చూడండి. ఒక్కో కథ అర పేజీ ఉంటుంది. మొదలుండదు, ముగింపుండదు, వర్ణన అసలే ఉండదు. ఎవరి పొలంలో, ఏ వాగు దగ్గర అన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది. వారం రోజులు చదివాక మీ దిబ్బ ఏ రైతు పొలంలో ఉందో, దానికి ఎటువైపు గేటుందో రాయగలుగుతారు. ఇప్పటికైతే అది "దట్టమైన మాయా దిబ్బ" అని ఉంది.

ఇంకొక్క మాట. పదకొండు చాప్టర్లలో ఇంటి ఓనర్ ముసలావిడకి మీరు పేరు పెట్టలేదు. రెండుసార్లు వచ్చి అద్దె అడిగి వెళ్ళిపోయింది. దిబ్బ పక్కన డెబ్భయ్యేళ్ళు బతికి, ఇల్లు ఖాళీగా ఉంచకుండా ఎప్పుడూ దూరదేశం నుంచి వచ్చిన కుర్రాళ్ళకే అద్దెకిస్తుంది. ఎందుకు? అది తేల్చుకుని మూడో చాప్టర్ మళ్ళీ రాసి పంపండి.